రెండు కోణాలు, ఒక భుజం సమానం. అయినా సర్వసమానం కాదా?

తులసికోట – శనివారం, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. నిన్న లెక్కల పరీక్ష పేపర్లు ఇచ్చారు. నాలుగు మార్కుల ప్రశ్న ఒకదానికి సున్నా వేశారు. అప్పటినుంచి సరిగ్గా అన్నం కూడా తినలేదు. ప్రశ్న ఇది (సర్వసమానం అంటే ఆకారం, సైజు రెండూ ఒకటే కావడం):

ఏబీసీ త్రిభుజంలో ఏ కోణం 50°, బీ కోణం 60°, ఏబీ = 6 సెం.మీ. పీక్యూఆర్ త్రిభుజంలో పీ కోణం 50°, క్యూ కోణం 60°, క్యూఆర్ = 6 సెం.మీ. ఈ రెండు త్రిభుజాలు సర్వసమానాలా? కారణం రాయండి.

తను రాసిన జవాబు: "ఏ కోణం, పీ కోణం సమానం. బీ కోణం, క్యూ కోణం సమానం. ఏబీ, క్యూఆర్ సమానం. రెండు కోణాలు, ఒక భుజం సమానం కాబట్టి కో.కో.భు. నియమం ప్రకారం సర్వసమానం."

ఆ నియమం పుస్తకంలో ఉంది, నేను తీసి చూశాను. నేను బీకాం చదివాను, జామెట్రీ వదిలేసి చాలా ఏళ్లయింది. కానీ ఎన్నిసార్లు చూసినా నాకు ఇందులో తప్పు కనబడలేదు. సోమవారం స్కూలుకు వెళ్లి అడుగుదామనుకుంటున్నాను. వెళ్లేముందు తెలిసినవాళ్లు ఒక మాట చెప్పండి.

గోదావరిగట్టు – శనివారం, రాత్రి 9:05

అక్కా, కో.కో.భు. ఉంది కదా. రెండు కోణాలు సమానమైతే మూడోదీ సమానమే, పైగా భుజం కూడా ఇచ్చారు. పూర్తి మార్కులు రావాలి. తప్పకుండా వెళ్లి అడగండి.

లెక్కలపంతులు – శనివారం, రాత్రి 9:40

తులసికోట గారూ, కాస్త ఆగండమ్మా. నేను 31 ఏళ్లు హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీ అమ్మాయి చేసిన పొరపాటు నా క్లాసుల్లో ఏటా చూశాను. బాగా చదివే పిల్లలే ఎక్కువగా చేస్తారు, నియమాల పేర్లు వాళ్లకు కంఠతా వచ్చు కాబట్టి.

ఆ 6 సెం.మీ. భుజం ఎక్కడుందో చూడండి. మొదటి త్రిభుజంలో అది ఏబీ. 50°, 60° కోణాల మధ్య ఉన్న భుజం. దానికి ఎదురుగా ఉన్న సీ కోణం 70°. రెండో త్రిభుజంలో 6 సెం.మీ. ఉన్నది క్యూఆర్. అది 60°, 70° కోణాల మధ్య ఉంది, దానికి ఎదురుగా ఉన్నది 50° కోణం. ఒక చోట ఆరు 70°కి ఎదురుగా కూర్చుంది, ఇంకో చోట 50°కి ఎదురుగా కూర్చుంది. కొలత ఒకటే, చోటు వేరు. ఏబీకి అసలు జోడీ పీక్యూ. పీక్యూ ఎంతో ప్రశ్నలో ఎక్కడా ఇవ్వలేదు.

నియమంలో "ఒక భుజం" అంటే ఏదో ఒక భుజం కాదు, అనురూప భుజం, అంటే రెండు త్రిభుజాల్లోనూ అదే చోట ఉన్న భుజం. ఆ ఒక్క మాట పిల్లల నోట్సుల్లో మాయమవుతుంది.

నా మాట నమ్మక్కర్లేదు, అమ్మాయిని గీసి చూడమనండి. మొదటిది: 6 సెం.మీ. గీత గీసి, ఒక చివర 50°, ఇంకో చివర 60°. రెండోది: 6 సెం.మీ. గీత గీసి, క్యూ దగ్గర 60°, ఆర్ దగ్గర 70°. రెండూ కత్తిరించి ఒకదాని మీద ఒకటి పెట్టమనండి.

మార్కుల సంగతి అంటారా, కోణాల జతలు సరిగ్గా రాసినందుకు నేనైతే ఒక మార్కు ఇచ్చేవాణ్ణి. అది అడగడం తప్పు కాదు. కానీ జవాబు మాత్రం తప్పే.

తులసికోట – శనివారం, రాత్రి 10:55

మాస్టారూ, ఇద్దరం కూర్చుని ఇప్పుడే గీశాం. పాత క్యాలెండర్ అట్ట వెనక్కి తిప్పి గీసి కత్తిరించాం. రెండోది పెద్దగా వచ్చింది! పీక్యూ కొలిస్తే 7.4 సెం.మీ. ఉంది. మొదటిదాన్ని దాని మీద పెడితే చుట్టూ అంచు కనబడుతోంది. అమ్మాయి ఆ రెండు ముక్కల్నీ పది నిమిషాలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. "ఆకారం ఒకటేనమ్మా, సైజు వేరు" అంది. ఏడుపు ఆగింది. మీకు చాలా థాంక్సండీ.

గోదావరిగట్టు – ఆదివారం, ఉదయం 6:30

నేను చెప్పింది తప్పు, క్షమించండి అక్కా. ఆకారం ఒకటే అయితే అవి సరూప త్రిభుజాలు, అంతవరకే. నిన్న రాత్రి పడుకున్నాక ఒక అనుమానం వచ్చింది మాస్టారూ. త్రిభుజానికి మూడు భుజాలు, మూడు కోణాలు, మొత్తం ఆరు కొలతలు. ఇక్కడ నాలుగు సమానమైనా కుదరలేదు. మరి ఐదు సమానమైతే? అప్పుడు సర్వసమానం అని కళ్లు మూసుకుని చెప్పొచ్చా?

సరళరేఖ – ఆదివారం, ఉదయం 9:15

నేను బీఈడీ చేస్తున్నాను. ఈ ప్రశ్న మాకు క్లాసులో ఇచ్చారు. అందరం "చెప్పొచ్చు" అన్నాం. అందరం తప్పే.

ఒక త్రిభుజం భుజాలు 8, 12, 18 సెం.మీ. ఇంకో త్రిభుజం భుజాలు 12, 18, 27 సెం.మీ. మొదటిదాంట్లో ప్రతి భుజాన్నీ ఒకటిన్నరతో గుణించండి: 8 కి 12, 12 కి 18, 18 కి 27. మూడు నిష్పత్తులూ ఒకటే కాబట్టి మూడు కోణాలూ సమానం. అవి మూడు. ఇక 12, 18 రెండింటిలోనూ ఉన్నాయి. అవి రెండు. మొత్తం ఐదు భాగాలు సమానం! అయినా ఒకదాని పెద్ద భుజం 18, రెండోదాని పెద్ద భుజం 27. సర్వసమానం ఎలా అవుతాయి?

ఇక్కడా అదే కథ. మొదటిదాంట్లో 12 నడిమి కోణానికి ఎదురు, రెండోదాంట్లో చిన్న కోణానికి ఎదురు. ఐదు సమానమైనా భుజాలు తమ తమ చోట్లలో లేవు.

గోదావరిగట్టు – ఆదివారం, ఉదయం 9:40

ఇది నేను జన్మలో ఊహించలేదు. ఐదు సమానమైనా కాదు, కానీ సరైన చోట మూడు సమానమైతే చాలు!

బిట్స్‌బ్యాంక్ – ఆదివారం, ఉదయం 11:20

ఇంత లోతు అవసరమా అని నా అభిప్రాయం. నేను పాలిసెట్‌కి పిల్లల్ని తయారుచేస్తాను. భు.భు.భు., భు.కో.భు., కో.భు.కో., కో.కో.భు., లం.క.భు. – ఐదు నియమాలు (భు. అంటే భుజం, కో. కోణం, లం. లంబకోణం, క. కర్ణం). కో.కో.కో., భు.భు.కో. – రెండు పనికిరావు. ఇది గుర్తుంటే బిట్ ముప్పై సెకన్లలో అయిపోతుంది. పరీక్షలో కత్తిరించి చూసే టైం ఉండదు కదా.

లెక్కలపంతులు – ఆదివారం, మధ్యాహ్నం 12:10

తమ్ముడూ, టైం విషయంలో నువ్వు చెప్పింది నిజమే. కానీ ఈ అమ్మాయికి ఐదు నియమాలూ గుర్తున్నాయి. గుర్తుండే సున్నా వచ్చింది.

నేను ఎనిమిదో తరగతిలో ఒక ఆట ఆడించేవాణ్ణి. ఇద్దరు పిల్లల్ని వీపులు ఆనించి కూర్చోబెడతాను. ఒకరి దగ్గర త్రిభుజం ఉంటుంది. దాని గురించి మూడంటే మూడు కొలతలే ఎదుటివాళ్లకు చెప్పాలి. రెండోవాళ్లు అది విని గీయాలి. చివర్లో రెండూ కలిపి చూస్తాం. ఏ మూడు కొలతలు చెబితే ఎదుటివాళ్లకు వేరే దారి లేకుండా అదే త్రిభుజం వస్తుందో, అదే సర్వసమానత్వ నియమం. మూడు కోణాలు చెప్పిన పిల్ల తన త్రిభుజం అరచేతంత ఉంటే, ఎదుటి పిల్ల పేజీ నిండా గీసింది చూసి నివ్వెరపోయేది. ఆ తర్వాత కో.కో.కో. ఎందుకు నియమం కాదో నేను చెప్పాల్సిన పని ఉండేది కాదు.

రెండు త్రిభుజాలు సర్వసమానమా అని అడిగినప్పుడు నేను లోపల వేసుకునే ప్రశ్న ఇదొక్కటే: ఈ కొలతలతో ఎవరు గీసినా ఒకే త్రిభుజం వస్తుందా?

డల్లాస్‌నాన్న – ఆదివారం, మధ్యాహ్నం 1:00

మాస్టారూ, నమస్తే. ఇక్కడ మా పాపకీ ఇదే పాఠం జరుగుతోంది. ఎడమవైపు వాక్యం, కుడివైపు కారణం రాస్తూ నిరూపణలు చేయిస్తున్నారు. భు.భు.కో. పనికిరాదు అన్నారట, ఎందుకో చెప్పలేదట. నన్నడిగితే నాకూ తెలియలేదు. రెండు భుజాలు, ఒక కోణం ఇస్తే మీ ఆటలో ఎదుటివాళ్లు వేరేది ఎలా గీయగలరు?

లెక్కలపంతులు – ఆదివారం, మధ్యాహ్నం 3:30

కోణం ఆ రెండు భుజాల మధ్య ఉంటే గీయలేరు, అది భు.కో.భు. కోణం పక్కకు జరిగితేనే చిక్కు. పాపతో ఇలా చేయించండి.

ఒక పొడుగాటి అడ్డగీత గీయమనండి. దాని ఎడమ చివర ఏ. ఏ దగ్గర 60° కోణం వచ్చేలా పైకి ఇంకో గీత గీసి, దాని మీద 8 సెం.మీ. దూరంలో బీ పెట్టమనండి. ఇప్పుడు కంపాస్‌ని 7 సెం.మీ. తెరిచి, ముల్లు బీ దగ్గర గుచ్చి, అడ్డగీతను కోసేలా చాపం గీయమనండి. చాపం అడ్డగీతను రెండు చోట్ల కోస్తుంది. స్కేలు పెట్టి కొలవండి: ఏ నుంచి ఒకటి సరిగ్గా 3 సెం.మీ., ఇంకోటి సరిగ్గా 5 సెం.మీ.

అంటే 8, 7, 3 భుజాల త్రిభుజం ఒకటి, 8, 7, 5 భుజాల త్రిభుజం ఇంకోటి. రెండింటిలోనూ 8 ఉంది, 7 ఉంది, 7 కి ఎదురుగా 60° ఉంది. మీరు ఫోన్లో "8, 7, 60" అని చెబితే అవతలివాళ్లు ఈ రెండింటిలో ఏది గీసినా తప్పు పట్టలేరు. నా సర్వీసులో నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఇది. అంకెలన్నీ పూర్ణసంఖ్యలే, కొలిస్తే పిల్లల కళ్లముందే తేలుతుంది.

ఇంకొంచెం ఆడించండి. కంపాస్ 6 సెం.మీ. తెరిస్తే చాపం అడ్డగీత దాకా దిగదు, త్రిభుజమే లేదు. 9 సెం.మీ. తెరిస్తే? అప్పుడు రెండో కోత ఏ దాటి ఎడమవైపుకు వెళ్లిపోతుంది, అక్కడ కోణం 60° ఉండదు, 120° అవుతుంది. కాబట్టి ఒకే త్రిభుజం. కోణానికి ఎదురుగా ఉన్న భుజం రెండోదానికంటే పెద్దదైతే భు.భు.కో. కూడా పనిచేస్తుంది అన్నమాట. లంబకోణ త్రిభుజంలో 90°కి ఎదురుగా ఉండేది కర్ణం, అది ఎప్పుడూ పెద్దదే. అందుకే లం.క.భు. నియమం నిలబడుతుంది. అది విడిగా ఆకాశం నుంచి ఊడిపడిన నియమం కాదు.

బిట్స్‌బ్యాంక్ – ఆదివారం, సాయంత్రం 4:15

మాస్టారూ, లం.క.భు. ఎందుకు పనిచేస్తుందో నేను ఎప్పుడూ పిల్లలకి చెప్పలేదు. రేపు క్లాసులో ఈ 8, 7, 60 చేయిస్తాను. పదిహేను నిమిషాలు పోయినా పరవాలేదు.

సైట్‌సూపర్‌వైజర్ – ఆదివారం, సాయంత్రం 5:50

నేను ఇళ్లు కట్టించే పనిలో ఉన్నాను. మీ చర్చ చదువుతుంటే మేం రోజూ చేసేది ఇదేనని అర్థమైంది. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల తిన్నగా ఉందో లేదో చూడడానికి ఒక దారం మీద 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు గుర్తుపెడతాం. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టుకుంటే 5 అడుగులు రావాలి. వస్తే మూలమట్టం కుదిరినట్టే. మూడు భుజాలు బిగిస్తే త్రిభుజం ఒకటే, కాబట్టి కోణం 90° తప్ప ఇంకోటి కావడానికి వీల్లేదు. అది మీ భు.భు.భు.

నాలుగు భుజాలకు ఆ గుణం లేదు. గది నాలుగు గోడల కొలతలూ సరిగ్గా ఉన్నా పక్కకు వాలిపోయి ఉండొచ్చు. అందుకే రెండు మూలలకీ క్రాస్ కొలత పట్టకుండా మేస్త్రిని ముందుకు పోనివ్వను. క్రాస్ కొలత అంటే నాలుగు భుజాల గదిని రెండు త్రిభుజాలు చేయడమే కదా. ఇనుప గేటుకి ఐమూలగా ఒక పట్టీ వెల్డింగ్ చేసేదీ అందుకే. పట్టీ లేని గేటు కొన్నాళ్లకు కుంగి నేలకు రాసుకుంటుంది.

సరళరేఖ – ఆదివారం, సాయంత్రం 6:30

సైట్‌సూపర్‌వైజర్ అన్నా, సర్వే కూడా ఇదే దారి. 1802లో విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల ఆధార రేఖను గొలుసుతో కొలిచి దేశపు కొలత మొదలుపెట్టాడు. ఆ తర్వాత ప్రతి చోటా నేల కొలవలేదు. ఒక భుజం తెలిస్తే, దాని రెండు చివర్ల నుంచి దూరపు గుట్టను చూసి కోణాలు కొలిస్తే చాలు, త్రిభుజం ఖాయమైపోతుంది. కో.భు.కో. మీద నమ్మకంతోనే దక్షిణం నుంచి హిమాలయాల దాకా త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ వెళ్లారు.

ఇంకా వెనక్కి వెళితే, ఒడ్డు నుంచి ఓడ ఎంత దూరంలో ఉందో ప్రాచీన గ్రీకు పండితుడు థేల్స్ ఈ నియమంతోనే చెప్పాడని, చాలా కాలం తర్వాతి గ్రీకు వ్యాఖ్యాత ప్రోక్లస్ రాశాడు.

గోదావరిగట్టు – ఆదివారం, రాత్రి 7:10

ఓడ సంగతి చెప్పారు కాబట్టి అడుగుతున్నాను. మా ఊరి కాలువ వెడల్పు కూడా అలా కొలవొచ్చా? అవతలి గట్టుకు వెళ్లకుండా?

సరళరేఖ – ఆదివారం, రాత్రి 7:45

కొలవొచ్చు. అవతలి గట్టు మీద ఒక చెట్టును చూసుకోండి. దానికి సరిగ్గా ఎదురుగా ఇవతలి గట్టున నిలబడండి. గట్టు వెంబడి తిన్నగా 20 అడుగులు వేసి ఒక కర్ర పాతండి. అదే దారిలో ఇంకో 20 అడుగులు వేయండి. అక్కడ కాలువకు వీపు పెట్టి, గట్టుకు లంబంగా పొలంలోకి నడవండి. మధ్యమధ్యలో వెనక్కి చూస్తూ ఉండండి. కర్ర, చెట్టు ఒకే వరుసలో కనబడినచోట ఆగండి. గట్టు నుంచి మీరు పొలంలోకి ఎన్ని అడుగులు నడిచారో కాలువ వెడల్పు అంతే.

రెండు వైపులా 20 అడుగులు సమానం, రెండు చోట్లా 90°, కర్ర దగ్గర రెండు గీతలు కోసుకునేచోట ఎదురెదురుగా ఉండే శీర్షాభిముఖ కోణాలు సమానం. కో.భు.కో. అయిపోయింది.

డల్లాస్‌నాన్న – ఆదివారం, రాత్రి 8:20

8, 7, 60 గీశాం. పాప ముందు ఒక కోతనే చూసింది. చాపం ఇంకొంచెం లాగమంటే రెండోది కనబడి కేక వేసింది. ఒక చిన్న ప్రశ్న, తనదే. రెండు త్రిభుజాలు అద్దంలో బొమ్మల్లా ఉంటే సర్వసమానమేనా? పక్కకు జరిపితే కలవడం లేదు.

లెక్కలపంతులు – ఆదివారం, రాత్రి 8:40

సర్వసమానమే. కాగితం ముక్కను తిరగేసి పెట్టమనండి, కలుస్తుంది. జరపడం, తిప్పడం, తిరగేయడం – మూడూ ఒప్పుకుంటాం. సాగదీయడం ఒక్కటే కుదరదు.

సరళరేఖ – ఆదివారం, రాత్రి 9:05

ఈ "ఒకదాని మీద ఒకటి పెట్టడం" గురించి ఒక్క మాట. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన ఎలిమెంట్స్ అనే రేఖాగణిత గ్రంథం మొదటి భాగం నాలుగో ప్రతిపాదనలో భు.కో.భు. నియమాన్ని అలాగే నిరూపించాడు: ఒక త్రిభుజాన్ని ఎత్తి రెండోదాని మీద పెడితే అన్నీ కలుస్తాయి అని. కానీ గీసిన బొమ్మను ఎత్తి ఇంకోచోట పెట్టవచ్చని ఆయన ముందుగా పెట్టుకున్న స్వీకృతాల్లో, అంటే నిరూపణ లేకుండా ఒప్పుకునే మాటల్లో, ఎక్కడా లేదు. తర్వాతివాళ్లు దీన్ని ప్రశ్నించారు. 1899లో జర్మన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ రేఖాగణితానికి కొత్తగా పునాది వేసినప్పుడు దాదాపు ఈ నియమాన్నే స్వీకృతంగా పెట్టుకున్నాడు. చాలా తొమ్మిదో తరగతి పుస్తకాల్లో భు.కో.భు.ని నిరూపించకుండా ఒప్పుకుని, కో.భు.కో.ని దానినుంచి నిరూపించేది అందుకే. పిల్లలు "దీనికి నిరూపణ ఏది?" అని అడిగితే అది మంచి ప్రశ్న అని చెప్పాలి, విసుక్కోకూడదు.

తులసికోట – సోమవారం, రాత్రి 7:30

స్కూలుకు వెళ్లాను, కానీ గొడవకు కాదు. కత్తిరించిన ముక్కలు అమ్మాయే తీసుకెళ్లి టీచరుకు చూపించింది. ఆవిడ వాటిని క్లాసులో అందరికీ చూపించారట. ఒక మార్కు కూడా వేశారు. ఇప్పుడు తను ఇక్కడ ఒకటి రాస్తానంటోంది. మాస్టారు దిద్దాలట.

(ఇక్కడినుంచి మా అమ్మాయి రాసింది.)

నమస్తే మాస్టారూ. హోంవర్కులో ఒక లెక్క ఇచ్చారు. ఏబీ, సీడీ అనే రెండు రేఖాఖండాలు ఓ అనే బిందువు దగ్గర ఒకదానినొకటి సమద్విఖండన చేసుకుంటాయి, అంటే సరిగ్గా సగానికి కోసుకుంటాయి. ఏసీ = బీడీ అని చూపాలి. నేను ఇలా రాశాను. ఏఓసీ, డీఓబీ త్రిభుజాల్లో ఏఓ = బీఓ. సీఓ = డీఓ. ఏఓసీ కోణం = బీఓడీ కోణం. కాబట్టి భు.కో.భు. ప్రకారం ఏఓసీ ≅ డీఓబీ (≅ అంటే సర్వసమానం). అందువల్ల ఏసీ = బీడీ.

ఈసారి కోణం మధ్యలోనే ఉందని రెండుసార్లు చూసుకున్నాను.

లెక్కలపంతులు – సోమవారం, రాత్రి 8:15

తల్లీ, నియమం సరిగ్గా ఎంచుకున్నావు, కోణం మధ్యలోనే ఉంది. ఒక్కటి చూడు. నువ్వు ఏఓసీ ≅ డీఓబీ అని రాశావు. అలా రాస్తే ఏ కి జోడీ డీ, సీ కి జోడీ బీ అని అర్థం. అప్పుడు ఏఓ = డీఓ అని చెప్పినట్టవుతుంది. మనకు అది ఇచ్చారా? ఏఓ 5, సీఓ 3 అయితే డీఓ ఎంత? శీర్షాలు ఏ క్రమంలో రాయాలో నువ్వు పైన రాసిన మొదటి రెండు వాక్యాలే చెబుతున్నాయి. ఇంకొకటి, కోణాలు ఎందుకు సమానమో కారణం రాయలేదు.

తులసికోట – సోమవారం, రాత్రి 8:35

(అమ్మాయి) డీఓ 3 మాస్టారూ. ఏఓ 5, డీఓ 3, సమానం కావు. ఏ కి జోడీ బీ, సీ కి జోడీ డీ. కాబట్టి ఏఓసీ ≅ బీఓడీ అని రాయాలి. ఏఓసీ, బీఓడీ శీర్షాభిముఖ కోణాలు, అందుకే సమానం.

ఇలా సరిగ్గా రాశాక ఇంకోటి కనబడింది. ఏ కోణం, బీ కోణం కూడా సమానం అవుతాయి. అవి ఏబీ గీతకు చెరో పక్కన ఉన్న ఏకాంతర కోణాలు. అంటే ఏసీ, బీడీ సమానమే కాదు, సమాంతరం కూడా! ప్రశ్నలో అడగలేదు, అయినా కింద రాయనా?

లెక్కలపంతులు – సోమవారం, రాత్రి 8:40

రాయమ్మా.